క్యారెక్టర్ తయారీలో ఎబిలిటీ బోనస్‌లు ఎక్కడ వేయాలి: డీ అండ్ డీ ఆటగాళ్లకు సమగ్ర మార్గదర్శి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే పాచికలు వేస్తూ, పాత్రలు పోషిస్తూ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ప్రతి క్యారెక్టర్‌కీ ఆరు ఎబిలిటీలు, ఒక్కోదానికి ఒక స్కోరు ఉంటాయి: స్ట్రెంత్ (బలం), డెక్స్టెరిటీ (డెక్స్, చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్ (కాన్, ఓర్పు), ఇంటెలిజెన్స్ (తెలివి), విజ్డమ్ (వివేకం), కరిజ్మా (ఆకర్షణ). 2024 రూల్స్‌లో కొత్త క్యారెక్టర్‌కి వచ్చే ఎబిలిటీ బోనస్ మొత్తం మూడు పాయింట్లు. ఒకదానికి +2, ఇంకోదానికి +1 వేయొచ్చు, లేదా మూడింటికి తలా +1 వేయొచ్చు. అయితే అవి తప్పు చోట పడితే ఒక పాయింటు షీటు మీద అంకెగా మిగిలిపోతుంది, ఆట మొత్తంలో ఒక్క దెబ్బకీ ఒక్క సేవ్‌కీ (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక) అక్కరకు రాదు. కొత్తవాళ్లు సాధారణంగా ముందు స్కోర్లన్నీ పంచేసుకుని, చివర్లో బోనస్‌ను పెద్ద అంకెల మీద వేసేస్తారు. ఆ వరసే తిరగేయాలి. బోనస్ ఎక్కడ పడుతుందో ముందు తేల్చుకుని, దానికి కుదిరేలా స్కోర్లు కొనాలి. ఈ మార్గదర్శి అంతా ఆ వరస ప్రకారమే నడుస్తుంది.

పెన్సిల్ పట్టే ముందు డీఎంని అడగాల్సినవి

డీఎం అంటే డంజియన్ మాస్టర్, కథ నడిపించేవారు. మొదటి ప్రశ్న: ఏ సంవత్సరం రూల్స్? 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో బోనస్ రేస్ (క్యారెక్టర్ జాతి) నుంచి వస్తుంది. డ్వార్ఫ్‌కి కాన్‌స్టిట్యూషన్ +2, ఎల్ఫ్‌కి డెక్స్టెరిటీ +2, టీఫ్లింగ్‌కి కరిజ్మా +2తో పాటు ఇంటెలిజెన్స్ +1, ఇలా ముందే రాసిపెట్టి ఉంటుంది. 2020లో ఆ బోనస్‌లను నచ్చిన ఎబిలిటీలకు మార్చుకునే ఐచ్ఛిక రూల్ వచ్చింది. 2024 హ్యాండ్‌బుక్‌లో స్పీషీస్‌కి (రేస్‌కి కొత్త పేరు) అసలు బోనస్ లేదు, మొత్తం బ్యాక్‌గ్రౌండ్ (క్యారెక్టర్ పాత జీవితం, వృత్తి) నుంచే వస్తుంది. ఒక్కో బ్యాక్‌గ్రౌండ్ మూడు ఎబిలిటీల పేర్లు చెబుతుంది. మీ మూడు పాయింట్లు వాటిలోనే పడాలి, ఏ స్కోరూ 20 దాటకూడదు.

హైదరాబాద్ టేబుళ్ల దగ్గర ఒకరి చేతిలో పాత పుస్తకం, ఇంకొకరి ఫోన్‌లో కొత్త రూల్స్ ఉండటం మామూలే. అందుకే ఈ ప్రశ్న ముందే అడగాలి. 2024 రూల్స్‌తో ఆడుతూ పాత పుస్తకంలోని రేస్ తీసుకుంటే ఆ రేస్ బోనస్‌ను వదిలేయాలి, బ్యాక్‌గ్రౌండ్‌దే లెక్కలోకి వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ కూడా పాత పుస్తకానిదై అందులో బోనస్ లేకపోతే, ఏ ఎబిలిటీలకైనా +2/+1 గానీ మూడు +1లు గానీ వేసుకోవచ్చు. 2024 షీటు మీద బోనస్‌ల మొత్తం 3 దాటిందంటే రెండు పుస్తకాలు కలిసిపోయాయన్నమాట.

రెండో ప్రశ్న: ఆట ఎంతకాలం? ఆదివారం మధ్యాహ్నం మాదాపూర్ వైపు ఏదో కేఫ్‌లో మూడు నాలుగు గంటల్లో ముగిసే వన్‌షాటా, లేక ఎవరో ఒకరి ఫ్లాట్‌లో నెలల తరబడి సాగే క్యాంపెయినా? బోనస్ ఎలా వేయాలన్నది దీన్ని బట్టే మారుతుంది. ఎందుకో కింద వస్తుంది.

మూడోది: స్కోర్లు ఎలా వస్తాయి? 27 పాయింట్లు ఖర్చుపెట్టి స్కోర్లు కొనడమా, 15, 14, 13, 12, 10, 8 అనే స్టాండర్డ్ ఎరేనా, లేక పాచికలా?

సరి, బేసి

ఆటలో స్కోరు దాదాపు ఎక్కడా నేరుగా పనిచేయదు, పనిచేసేది మాడిఫయర్. స్కోరులోంచి 10 తీసేసి, సగం చేసి, కిందికి దించితే మాడిఫయర్ వస్తుంది. 8, 9 రెంటికీ -1. 10, 11కి 0. 12, 13కి +1. 14, 15కి +2. 16, 17కి +3. 18, 19కి +4. 20కి +5. సిటీ బస్సులో స్టేజీ దాటితేనే టికెట్ ధర పెరిగినట్టు, సరి సంఖ్య దాటితేనే మాడిఫయర్ ఒక మెట్టు పెరుగుతుంది.

దీన్నుంచి తేలే రెండు సంగతులు గట్టిగా గుర్తుపెట్టుకోండి. +2 ఎక్కడ వేసినా సరిగ్గా ఒక మెట్టు ఇస్తుంది, స్కోరు సరి అయినా బేసి అయినా తేడా లేదు. +1 మాత్రం బేసి స్కోరు మీద వేస్తేనే మెట్టు ఇస్తుంది, సరి స్కోరు మీద వేస్తే అప్పటికి ఏమీ ఇవ్వదు.

స్టాండర్డ్ ఎరేతో చూద్దాం. బోనస్‌కి ముందు మాడిఫయర్ల మొత్తం 5. +2ని 15 మీద, +1ని 13 మీద వేస్తే 17, 14, 14, 12, 10, 8 వస్తాయి, మొత్తం 7. అదే +1ని 14 మీద వేస్తే 17, 15, 13, 12, 10, 8 అవుతాయి, మొత్తం 6. రెండు షీట్లూ పక్కపక్కన పెడితే రెండోదే బలంగా కనిపిస్తుంది, పెద్ద అంకెలు పైనున్నాయి కాబట్టి. కానీ ఒక మెట్టు తక్కువ. కొత్త షీట్లలో ముందుగా దిద్దాల్సింది ఇదే.

ఒక మెట్టు విలువెంత? డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద ప్రతి +1కి 5 శాతం. ఏసీ (ఆర్మర్ క్లాస్, దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15 ఉన్న శత్రువు మీద +5తో దాడి చేస్తే 10 లేదా పైన పడాలి, అంటే 55 శాతం అవకాశం. +6 ఉంటే 60 శాతం. డ్యామేజీలోనూ ఆ ఒకటి కలుస్తుంది. మంత్రాలు వేసేవాళ్లకు స్పెల్ సేవ్ డీసీ (మంత్రం తప్పించుకోవడానికి శత్రువు చేరాల్సిన అంకె) కూడా అదే మెట్టుతో పెరుగుతుంది: 8, ప్రొఫిషియెన్సీ (నైపుణ్య బోనస్), మాడిఫయర్ కలిపి.

17 కావాలా, 16 చాలా?

మొదటి లెవెల్‌లో 16కీ 17కీ తేడా లేదు, రెండూ +3యే. తేడా నాలుగో లెవెల్‌లో తెలుస్తుంది. అప్పుడు ప్రతి క్లాస్‌కీ (ఫైటర్, విజర్డ్ లాంటి పాత్ర రకం) ఒక ఫీట్ (ప్రత్యేక సామర్థ్యం) వస్తుంది. 2024 హ్యాండ్‌బుక్‌లోని జనరల్ ఫీట్లలో దాదాపు అన్నీ తమ శక్తితో పాటు ఏదో ఒక ఎబిలిటీకి +1 ఇస్తాయి. ప్రధాన స్కోరు 17 ఉన్న ఫైటర్ నాలుగో లెవెల్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్ తీసుకుంటే స్ట్రెంత్ 18 అవుతుంది, ఫీట్ కూడా చేతికొస్తుంది. 16తో మొదలైనవాడు అదే ఫీట్ తీసుకుంటే 17 దగ్గర ఆగుతాడు, 18 కావాలంటే ఫీట్ వదులుకుని ఎబిలిటీ స్కోర్ ఇంప్రూవ్‌మెంట్‌తో +2 తీసుకోవాలి. ఎనిమిదో లెవెల్‌కి ఇద్దరూ 20 చేరొచ్చు. కాకపోతే 17తో మొదలైనవాడి దగ్గర ఒక ఫీట్ అదనంగా ఉంటుంది.

కాబట్టి సాగే క్యాంపెయిన్‌కి మా సిఫార్సు: ప్రధాన ఎబిలిటీ 15, దాని మీద +2. రెండో బేసి స్కోరు మీద +1.

వన్‌షాట్‌కి ఈ లెక్క వర్తించదు. మూడో లెవెల్‌లో మొదలై ఆ సాయంత్రమే ముగిసే ఆటలో నాలుగో లెవెల్ రాదు, 17లోని ఆ అదనపు ఒకటి వృథా. అక్కడ మూడు బేసి స్కోర్లు కొని మూడింటి మీదా తలా +1 వేయండి, మూడు మెట్లు వస్తాయి. +2/+1తో ఎలా తిప్పినా రెండు మెట్లే. ఉదాహరణకు 15, 13, 13, 12, 12, 8. ఖర్చు 9, 5, 5, 4, 4, 0, మొత్తం సరిగ్గా 27. బోనస్ తర్వాత 16, 14, 14, 12, 12, 8. మాడిఫయర్ల మొత్తం 8.

2014 రూల్స్‌లో 17 గురించి ఇంకో జాగ్రత్త. ఆ పుస్తకంలో +1 ఇచ్చే ఫీట్లు కొన్నే. అక్కడి గ్రేట్ వెపన్ మాస్టర్, షార్ప్‌షూటర్, వార్ కాస్టర్ ఏ స్కోరూ పెంచవు. నాలుగో లెవెల్‌లో రెజిలియెంట్ లాంటి +1 ఫీట్ ఖాయంగా తీసుకుంటానని తెలిస్తే తప్ప అక్కడ బేసి స్కోరు ఉంచుకోవద్దు.

27 పాయింట్లు కొనే పద్ధతి, బోనస్ నుంచి వెనక్కి

ధరలు ఇవి: 8కి ఏమీ లేదు, 9కి 1, 10కి 2, 11కి 3, 12కి 4, 13కి 5, 14కి 7, 15కి 9. 15కి మించి కొనలేం, 8కి తగ్గలేం. 13 వరకు మెట్టు ఎక్కాలంటే రెండు పాయింట్లు చాలు. 12 నుంచి 14కి మూడు, 13 నుంచి 15కి నాలుగు. అందుకే ఖరీదైన ఆ చివరి అడుగును బోనస్ చేత వేయించాలి. 14 కావాలంటే 7 పెట్టి కొనే బదులు, 13ని 5కి కొని +1 వేస్తే 2 పాయింట్లు మిగులుతాయి.

అడుగులు ఇలా వేయండి.

మొదట క్లాస్‌కి ప్రధాన ఎబిలిటీ రాసుకోండి. బార్డ్, సోర్సరర్, వార్లాక్‌లకు కరిజ్మా. విజర్డ్‌కి ఇంటెలిజెన్స్. క్లెరిక్, డ్రూయిడ్‌లకు విజ్డమ్. రోగ్‌కి డెక్స్. బార్బేరియన్‌కి స్ట్రెంత్. ఫైటర్‌కి ఆయుధాన్ని బట్టి స్ట్రెంత్ గానీ డెక్స్ గానీ. పాలడిన్, మాంక్, రేంజర్‌లకు రెండేసి: పాలడిన్‌కి స్ట్రెంత్, కరిజ్మా, మిగతా ఇద్దరికీ డెక్స్, విజ్డమ్.

తర్వాత కవచం చూసుకోండి. ఎక్కువమంది దాటేసేది ఈ అడుగే. హెవీ ఆర్మర్‌లో డెక్స్ కలవదు, కాబట్టి చెయిన్ మెయిల్ వేసుకునే ఫైటర్ డెక్స్ మీద ఏసీ కోసం పాయింటు పెట్టక్కర్లేదు. అయితే చెయిన్ మెయిల్‌కి స్ట్రెంత్ 13, ప్లేట్‌కి 15 ఉండాలి, లేకపోతే వేగం 10 అడుగులు తగ్గుతుంది. మీడియం ఆర్మర్‌లో డెక్స్ +2 వరకే లెక్క, కాబట్టి 14 చాలు, 16 చేయడం దండగ. లైట్ ఆర్మర్‌లో ఎంత ఉంటే అంత కలుస్తుంది.

మూడోది కాన్. ఏ క్లాస్ అయినా 14 పెట్టుకోమనే చెబుతాం. కారణం ఈ చిన్న లెక్కలోనే ఉంది. మొదటి లెవెల్ విజర్డ్‌కి హిట్ పాయింట్లు (ప్రాణశక్తి) 6, దానికి కాన్ మాడిఫయర్ కలపాలి. కాన్ 10 ఉంటే 6, 14 ఉంటే 8. గోబ్లిన్ కత్తి డ్యామేజీ డీ6కి 2 కలిపి. 6 హిట్ పాయింట్ల విజర్డ్‌ని తగిలిన దెబ్బల్లో సగం ఒక్క దెబ్బకే పడగొడతాయి, పాచిక మీద 4, 5, 6 ఏది పడినా చాలు. 8 ఉన్న విజర్డ్ పడాలంటే 6 పడాల్సిందే. పైగా కాన్సంట్రేషన్ (కొనసాగే మంత్రం మీద ధ్యాస) నిలబెట్టే సేవ్ కూడా కాన్ మీదే: డీసీ 10 లేదా తగిలిన డ్యామేజీలో సగం, ఏది ఎక్కువైతే అది.

నాలుగో అడుగులో బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకుని +2, +1 ఎక్కడ పడతాయో ఖాయం చేయండి. ఆ తర్వాతే స్కోర్లు కొనండి: +1 పడే చోట బేసి, బోనస్ పడని చోట్ల సరి. చివర ఒక పాయింటు మిగిలిపోతే కంగారు పడొద్దు, దాన్ని వాడేయడం కోసం సరి స్కోరుని బేసి చేస్తే ఒరిగేదేమీ లేదు.

బ్యాక్‌గ్రౌండ్ ఎంపిక

2024 హ్యాండ్‌బుక్‌లో పదహారు బ్యాక్‌గ్రౌండ్లు ఉన్నాయి. సరిగ్గా ఎనిమిదింటిలో కాన్ ఉంది: షార్లటన్, క్రిమినల్, ఫార్మర్, గైడ్, హెర్మిట్, మర్చంట్, సేజ్, సోల్జర్. ప్రధాన ఎబిలిటీతో పాటు కాన్ కూడా కావాలనుకునేవాళ్లు వెతకాల్సింది వీటిలోనే.

స్ట్రెంత్, కాన్ రెండూ కావాలంటే సోల్జర్ లేదా ఫార్మర్. డెక్స్‌తో కాన్ అయితే సోల్జర్, క్రిమినల్, షార్లటన్, గైడ్. ఇంటెలిజెన్స్‌తో అయితే సేజ్, మర్చంట్, క్రిమినల్. విజ్డమ్‌తో ఫార్మర్, గైడ్, హెర్మిట్, సేజ్. కరిజ్మాతో మర్చంట్, హెర్మిట్, షార్లటన్. స్ట్రెంత్, కాన్, కరిజ్మా మూడూ ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటీ లేదు. పాలడిన్ తయారీలో తలనొప్పంతా దాన్నుంచే వస్తుంది.

పుస్తకం కొనకుండా, ఉచితంగా దొరికే అధికారిక రూల్స్ పీడీఎఫ్‌తో ఆడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2025లో వచ్చిన ఆ పత్రంలో నాలుగే బ్యాక్‌గ్రౌండ్లు ఉన్నాయి: అకోలైట్, క్రిమినల్, సేజ్, సోల్జర్. కరిజ్మా ఒక్క అకోలైట్‌లోనే ఉంది, అందులో డెక్స్, కాన్ లేవు. బార్డ్, సోర్సరర్, వార్లాక్ తీసుకునేవాళ్లు కస్టమ్ బ్యాక్‌గ్రౌండ్‌కి డీఎంని ముందే అడగడం మేలు.

నాలుగు క్యారెక్టర్లు, పూర్తి లెక్కతో

కార్వాన్ వ్యాపారి, బార్డ్. కుతుబ్‌షాహీ కాలపు గోల్కొండలో కథ నడుస్తోందనుకుందాం, బ్యాక్‌గ్రౌండ్ మర్చంట్: కాన్, ఇంటెలిజెన్స్, కరిజ్మా. +2 కరిజ్మాకి, +1 కాన్‌కి. కొనేవి: కరిజ్మా 15, డెక్స్ 14, కాన్ 13, విజ్డమ్ 12, ఇంటెలిజెన్స్ 10, స్ట్రెంత్ 8. ఖర్చు 9+7+5+4+2+0, అంటే 27. ఇది అచ్చంగా స్టాండర్డ్ ఎరేనే, దాని ధర కూడా ఎప్పుడూ 27కే సరిపోతుంది. చివరికి కరిజ్మా 17, డెక్స్ 14, కాన్ 14. లెదర్ ఆర్మర్‌తో ఏసీ 13, హిట్ పాయింట్లు 10, స్పెల్ సేవ్ డీసీ 13. నాలుగో లెవెల్‌లో వార్ కాస్టర్‌తో కరిజ్మా 18, డీసీ 14.

మాంక్, గైడ్ బ్యాక్‌గ్రౌండ్‌తో: డెక్స్, కాన్, విజ్డమ్. ఇక్కడ మాత్రం క్యాంపెయిన్ అయినా మూడు +1లకే మా ఓటు. డెక్స్ 15, విజ్డమ్ 15, కాన్ 13 కొంటే 23 అవుతుంది, మిగిలిన 4తో స్ట్రెంత్ 12 గానీ ఇంకో రెండు చోట్ల 10, 10 గానీ తీసుకోండి. బోనస్ తర్వాత 16, 16, 14. కవచం లేని మాంక్‌కి ఏసీ 10 మీద డెక్స్, విజ్డమ్ మాడిఫయర్లు రెండూ కలుస్తాయి, అంటే 16. అదే డెక్స్ 17, విజ్డమ్ 14 చేస్తే ఏసీ 15. శత్రువు పక్కనే నిలబడి కొట్టే క్లాస్‌కి ఆ ఒకటి మొదటి రోజునుంచే కావాలి.

పాలడిన్, నోబుల్‌తో: స్ట్రెంత్, ఇంటెలిజెన్స్, కరిజ్మా. కాన్‌కి బోనస్ అందదు కాబట్టి దాన్ని 14 ధరకే, 7 పెట్టి కొనాలి. స్ట్రెంత్ 15 మీద +2, కరిజ్మా 13 మీద +1 వేస్తే 17, 14 వస్తాయి, ఖర్చు ఇప్పటికి 21. మిగిలిన 6తో విజ్డమ్ 12, డెక్స్ 10. ఇంకో దారి కూడా ఉంది: స్ట్రెంత్ 15 మీద +1, కరిజ్మా 14 మీద +2, అంటే 16, 16. కాన్ 14తో కలిపి ఖర్చు 23, మిగిలేది 4. ఆరో లెవెల్‌లో వచ్చే ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ పాలడిన్‌కీ దగ్గరున్న స్నేహితులకూ అన్ని సేవ్‌ల మీదా కరిజ్మా మాడిఫయర్ ఇస్తుంది. ఆట ఆరో లెవెల్ దాటుతుందని డీఎం చెబితే రెండో దారే పార్టీ మొత్తానికి లాభం. దాటదంటే మొదటిది తీసుకోండి.

నప్పని జోడీ: సోర్సరర్, నోబుల్‌తో. కరిజ్మాకి +2 బాగానే పడుతుంది, +1 మాత్రం స్ట్రెంత్‌కో ఇంటెలిజెన్స్‌కో పోవాలి. కరిజ్మా 15, డెక్స్ 14, కాన్ 14 కొంటే 23. ఇంటెలిజెన్స్ 9ని ఒక పాయింటుకి కొని +1తో 10 చేయండి, విజ్డమ్ 10కి ఇంకో 2. ఒక పాయింటు మిగులుతుంది. మాడిఫయర్ల మొత్తం 6. షార్లటన్‌తో ఇదే సోర్సరర్‌కి 17, 14, 14, 12, 10, 8, మొత్తం 7. అంటే కథకు నచ్చిన బ్యాక్‌గ్రౌండ్ కోసం వదులుకునేది ఒకే ఒక్క మెట్టు, అదీ పెద్దగా అవసరం లేని ఎబిలిటీలో. నవాబు కొడుకుగానే ఆడాలని మనసు పడితే నిశ్చింతగా ఆడండి. అంకెల కోసం ఇష్టం లేని నేపథ్యంతో ఏడాది ఆడటం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

పాచికలతో స్కోర్లు వచ్చినప్పుడు

నాలుగు ఆరుముఖాల పాచికలు వేసి, చిన్నదాన్ని తీసేసి, మిగతా మూడూ కూడాలి. ఇలా ఆరుసార్లు. దీనికి ప్రత్యేకమైన సెట్ అక్కర్లేదు, ఇంట్లో ఉన్న లూడో పాచికలు చాలు. సగటున స్కోరు 12కి కాస్త పైన వస్తుంది.

ఇక్కడ బోనస్ పూర్తిగా సరి, బేసి చూసి వేయాలి. ఉదాహరణకు 17, 14, 13, 12, 10, 9 పడ్డాయనుకోండి. అలవాటుగా 17 మీద +2 వేస్తే 19, మాడిఫయర్ +4. +1 వేసి 18 చేసినా +4యే. కాబట్టి 17కి +1 వేసి, +2ని 14కి ఇచ్చి 16 చేయండి. ఇంకా మంచిది, 17, 13, 9 మూడూ బేసి కాబట్టి బ్యాక్‌గ్రౌండ్‌లోని మూడు ఎబిలిటీలకూ ఆ మూడు స్కోర్లూ పెట్టగలిగితే తలా +1తో మూడు మెట్లు. అయితే 9ని 10 చేయడం ఆటలో ఎంత పనికొస్తుందో కూడా చూసుకోండి, మెట్లన్నీ సమానం కావు.

18 పడితే +2 వేసి మొదటి లెవెల్‌లోనే 20 చేయొచ్చు. రూల్ ఒప్పుకుంటుంది. కానీ పక్కన కూర్చున్నవాళ్లందరూ 15, 16ల దగ్గర ఉంటే, ఆ +2ని కాన్‌కో రెండో ఎబిలిటీకో వేసి 18 దగ్గరే ఆగితే టేబుల్ సమతూకంగా ఉంటుంది.

షీటు మీద రాసేటప్పుడు జరిగే పొరపాట్లు

ప్రతి ఎబిలిటీకి మూడు గళ్లు గీయండి: కొన్నది, బోనస్, మొత్తం. ఒకే గడిలో దిద్దుతూ పోతే నెల తర్వాత బోనస్ వేశామో లేదో ఎవరికీ గుర్తుండదు. ఫోన్ యాప్ వాడేవాళ్లు మూల స్కోరు గడిలో మొత్తం స్కోరు వేస్తే, యాప్ దాని మీద మళ్లీ బోనస్ కలిపేస్తుంది. ప్రధాన స్కోరు మొదటి లెవెల్‌లో 19 కనిపిస్తే, పాచికలు వేయలేదంటే, కారణం దాదాపు ఇదే.

సొంతంగా స్ప్రెడ్‌షీట్ చేసుకునేవాళ్లు 9 స్కోరుతో పరీక్షించండి. దశాంశాన్ని కొట్టేసే ఫార్ములా 0 చూపిస్తుంది, సరైన జవాబు -1. కిందికి దించే ఫార్ములానే వాడాలి.

మల్టీక్లాస్ (ఒకే క్యారెక్టర్ ఒకటికి మించి క్లాస్‌లు తీసుకోవడం) ఆలోచన ఉంటే ఇప్పుడే చూసుకోవాలి. రెండు క్లాస్‌ల ప్రధాన ఎబిలిటీలూ కనీసం 13 ఉండాలి, 12 దగ్గర ఆపితే తర్వాత దారి మూసుకుపోతుంది. బేసి స్కోరును బోనస్ లేకుండా 13 దగ్గర ఉంచడానికి ఇది న్యాయమైన కారణం. నాలుగో లెవెల్‌లో రెజిలియెంట్‌తో 14 చేస్తానన్నది ఇంకోటి.

కాన్ తర్వాత పెంచితే పాత లెవెల్స్‌కి లాభం పోతుందేమోనన్న భయం అక్కర్లేదు. కాన్ మాడిఫయర్ ఒకటి పెరిగితే, అప్పటికి ఎన్ని లెవెల్స్ ఉంటే అన్ని హిట్ పాయింట్లు ఒకేసారి కలుస్తాయి.

పాత్‌ఫైండర్ (డీ అండ్ డీ లాంటి ఇంకో ఆట) రెండో ఎడిషన్ టేబుల్‌కి వెళ్తే ఈ లెక్కలు పనిచేయవు. 2023 రీమాస్టర్ (సవరించిన రూల్స్) నుంచి అక్కడ స్కోర్లే లేవు, మాడిఫయర్లే. వంశం, బ్యాక్‌గ్రౌండ్, క్లాస్ తలా కొన్ని బూస్ట్‌లు (పెంపులు) ఇస్తాయి, చివర నాలుగు స్వేచ్ఛగా వేసుకోవచ్చు. ఒకే దశలో ఒకే ఎబిలిటీకి రెండుసార్లు వేయకూడదు, మొదటి లెవెల్‌లో +4 దాటకూడదు. క్లాస్ ప్రధాన ఎబిలిటీని +4 చేసి మిగతావి పంచితే సరిపోతుంది.

సొంత బ్యాక్‌గ్రౌండ్ తయారు చేస్తే

మన ఊరి కథ నడిపే డీఎంలకు పుస్తకంలోని పదహారు చాలకపోవచ్చు. 2024 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో సొంతంగా తయారు చేసే పద్ధతి ఉంది: మూడు ఎబిలిటీలు, ఒక ఆరిజిన్ ఫీట్ (మొదటి లెవెల్‌లోనే వచ్చే ఫీట్), రెండు స్కిల్స్, ఒక టూల్, 50 బంగారు నాణేల విలువైన సామాను.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండమీది బాలాహిసార్ దాకా వినిపిస్తుందన్నది అందరికీ తెలిసిందే. పైన ఆ శబ్దం కోసం చెవి ఒగ్గి కూర్చునే పహరాదారుని బ్యాక్‌గ్రౌండ్‌గా చేద్దాం. పుస్తకంలోని గార్డ్‌కి స్ట్రెంత్, ఇంటెలిజెన్స్, విజ్డమ్ ఉన్నాయి. మన పహరాదారుకి రాత్రంతా మేలుకునే ఓపిక, వినికిడి, మెట్లమీద పరుగు కావాలి, కాబట్టి కాన్, విజ్డమ్, డెక్స్. ఫీట్ అలర్ట్. స్కిల్స్ పర్సెప్షన్, అథ్లెటిక్స్. టూల్‌గా ఒక వాయిద్యం, నగారా అనుకోండి. వజ్రాల బేరగాడైతే రాయిని అంచనా కట్టే ఇంటెలిజెన్స్, మనిషిని చదివే విజ్డమ్, ధర తెగ్గొట్టే కరిజ్మా, ఫీట్ స్కిల్డ్, స్కిల్స్ ఇన్‌సైట్, పర్స్యుయేషన్, టూల్‌గా నగలపనివారి పనిముట్లు.

డీఎం పాటించాల్సిన నియమం ఒకటుంది. మూడు ఎబిలిటీలను ఆ వృత్తి నుంచి ఎంచాలి, అడుగుతున్న ఆటగాడి క్లాస్ నుంచి కాదు. పాలడిన్ ఆడేవారు స్ట్రెంత్, కాన్, కరిజ్మా కావాలని అడిగితే, ఆ మూడూ నిజంగా అవసరమయ్యే పని ఏదో చెప్పమనండి. తాలింఖానాలో కుస్తీ నేర్పే ఉస్తాద్ అని చెబితే ఒప్పుకోవచ్చు: పట్టు వేసే బలం, గంటలకొద్దీ నిలిచే ఓపిక, పదిమంది శిష్యులను అదుపులో పెట్టే మాట. అప్పుడు స్ట్రెంత్ 15 మీద +1, కరిజ్మా 15 మీద +1, కాన్ 13 మీద +1. మిగిలిన 4 పాయింట్లలో విజ్డమ్‌కి 2, డెక్స్‌కి 2. షీటు మీద 16, 16, 14, 10, 10, 8.